మారని ఆట: మన జాతీయ ఫుట్‌బాల్ జట్టుపై ఒక పరిశీలన

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, "ఆటల మీద రాయండి మాస్టారూ, అందరూ చదువుతారు" అన్నారు. ఆటలంటే క్రికెట్టే అని వారి ఉద్దేశం కావచ్చు. క్రికెట్టు గురించి చెప్పడానికి మా అద్దంకి బస్టాండు దగ్గర టీ కొట్ల నిండా పండితులున్నారు. నా అవసరం లేదు. నేను ఫుట్‌బాల్ గురించి రాస్తాను. ఈ కళాశాలలో చదువుకున్న రోజుల్లో లెఫ్ట్ హాఫ్‌గా ఆడినవాణ్ని, ఆ తర్వాత అద్దంకిలో పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ని. కోచ్‌ని కాను. అయినా మన జాతీయ జట్టు ఆట చూసినప్పుడల్లా కలిగే విసుగుకు కారణాలు వెతుక్కునే హక్కు ప్రేక్షకుడికి కూడా ఉంటుంది కదా!

ముందుగా ఈ మధ్యకాలపు సంగతులు రెండు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడాం. ఒక్క గోలు కొట్టలేదు. 2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2 తేడాతో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హతే పోగొట్టుకున్నాం. సింగపూర్ జనాభా అంతా కలిపి అరవై లక్షలకు అటూ ఇటూ.

ఓడినప్పుడల్లా ఒకటే ప్రశ్న వినపడుతుంది: "ఇంత పెద్ద దేశంలో పదకొండు మంది దొరకరా?" ఈ ప్రశ్నతోనే మనం దారి తప్పుతున్నామని నా అభిప్రాయం. మనుషులు దొరుకుతూనే ఉన్నారు. వాళ్లకు ఏ వయసులో, ఏ ఆట నేర్పుతున్నాం? అడగవలసింది అది. దీనికి జవాబు కోసం ఎక్కడెక్కడో తిరగనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఒక బడిపంతులు డెబ్బై ఏళ్ల కిందట జవాబు చెప్పి, చేసి చూపించి వెళ్లాడు.

పది గోల్స్ నేర్పిన పాఠం

ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. వృత్తి ఉపాధ్యాయత్వం. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచాం.

మరుసటి సంవత్సరమే దెబ్బ తగిలింది. 1952 జూలై 15న, హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో బూట్లు లేకుండా ఆడారు. పది గోల్స్‌కు కారణం వట్టికాళ్లే అనుకుని చాలామంది సరిపెట్టుకున్నారు. తర్వాత మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే బూట్లు వేసుకున్నంత మాత్రాన ఆట మారుతుందా?

ఇక్కడ ఆట అమరిక గురించి కొంచెం చెప్పుకోవాలి. ఫుట్‌బాల్ తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిక పట్టండి. పాతకాలపు అమరిక 2-3-5. అంటే గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌లు, ముందు వరసలో అయిదుగురు ఫార్వర్డ్‌లు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలించేసరికి ఫార్వర్డ్‌లకు స్వేచ్ఛ పెరిగింది, ఇద్దరు బ్యాక్‌లు చాలలేదు. ఇంగ్లాండులో ఆర్సెనల్ క్లబ్బు ఒక హాఫ్‌ను వెనక్కి లాగి మూడో బ్యాక్‌గా నిలిపింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. మన దేశంలో మాత్రం 1950 దశకం మొదట్లో కూడా ఎక్కువ జట్లు ఇద్దరు బ్యాక్‌ల పద్ధతిలోనే ఆడుతున్నాయి. దేశవాళీ పోటీలు కూడా తొంభై నిమిషాలు కావు. డెబ్బై నిమిషాల ఆటే ఎక్కువ. డెబ్బై నిమిషాలకు అలవాటు పడిన ఊపిరితో తొంభై నిమిషాలు పరుగెత్తాలంటే ఆఖరి ఇరవై నిమిషాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

రహీం సాబ్ ఓటమిని పాఠ్యపుస్తకంలా చదివారు. 1953 నవంబరు 25న లండన్‌లో హంగరీ జట్టు ఇంగ్లాండును 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెకుటి ముందు వరసలో నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడాడు. అతని వెంట పోవాలా, ఉన్నచోటే ఉండాలా అని ఇంగ్లాండు బ్యాక్‌లకు పాలుపోలేదు. ఫుట్‌బాల్ పుట్టినింట్లోనే వాళ్లకు కొత్త పాఠం చెప్పారన్నమాట! ఆ పద్ధతిని మన దేశానికి తెచ్చి తన ఆటగాళ్లకు నేర్పినవారు రహీం.

ఫలితం అంకెల్లో చూడండి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా వాసి అతనే. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనమే కొట్టాం. చివరికి 1-4తో ఓడాం. మొత్తం మీద నాలుగో స్థానం. ఆ తర్వాత 1960లో రోమ్‌లో హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1. అంటే యూరప్‌లోని మేటి జట్లతో మన తేడా 1952లో తొమ్మిది గోల్స్, 1956లో మూడు, 1960లో ఒకటి. ఎనిమిదేళ్లలో ఇంత దూరం నడిచాం. ఆ ప్రయాణంలో మన తెలుగు నేల మీద ఆట నేర్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు.

రహీం సాబ్ ఏం మార్చారు?

ఆయన మార్చినది అలవాట్లను. ఇది గట్టిగా చెప్పుకోవలసిన మాట.

ఆ రోజుల్లో మన దేశంలో మంచి ఆటగాడంటే బంతిని కాలికి అతికించుకుని నలుగుర్ని తప్పించుకుపోయేవాడు. జనం చప్పట్లు కూడా అతనికే. రహీం సాబ్ హైదరాబాదులో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే తోటివాడికి ఇవ్వాలి. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా పెట్టారు. కుడికాలి వాటమున్న వాడు ఎడమకాలితోనే తన్నాలి. నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు. కాని ఆ పోటీల్లో ఆడిన కుర్రాడికి చెప్పకుండానే రెండు సంగతులు వంటబట్టాయి: బంతి మనిషికంటే వేగంగా పోతుంది, రెండు కాళ్లూ ఉన్నవాడికి ఆలోచించుకోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. ఇది బడిపంతులు చేసే పని. ఉపన్యాసం ఇవ్వకుండా, లెక్క ఇచ్చి పిల్లవాడి చేతే చేయించడం!

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. అతన్ని కూర్చోబెట్టాలా? రహీం సాబ్ అతన్ని తీసుకెళ్లి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. 2-1తో గెలిచాం. గోల్స్ కొట్టినవాళ్లు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ఆటగాణ్ని ఒక స్థానానికి కట్టేయకూడదన్న సంగతిని, నెదర్లాండ్స్ జట్టు 1974 ప్రపంచకప్‌లో లోకానికంతా చాటక పన్నెండేళ్ల ముందే, మన పంతులు అవసరం వచ్చినప్పుడు చేసి చూపించారు.

అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం ఆయన కథే. చాలామంది విద్యార్థులకు ఆయన పేరు ఆ సినిమా వల్లనే తెలిసిందంటే సినిమావాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. మనం మాత్రం కొంచెం సిగ్గుపడాలి.

తాతలు తాగిన నేతులు

ఆయన పోయాక ఏం జరిగింది? ఆట ఒక్కరోజులో కూలిపోలేదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి పతకం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు చివరిగా కనపడింది 1960లో. తర్వాత కూడా హైదరాబాదు నుంచి షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి మేటి ఆటగాళ్లు వచ్చారు. మనుషులకు కొరత లేదన్నానే, అందుకే.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్నట్టు మనం మెల్బోర్న్, జకార్తాల పేర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. రహీం సాబ్ గెలిచిన పతకాలను వారసత్వంగా తీసుకున్నాం గాని, ఓటమి చూసి పద్ధతి మార్చుకునే ఆయన అలవాటును తీసుకోలేదు. నా వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వాక్యమే.

పోలికకు జపాన్‌ను తీసుకుందాం. 1962లో మన చేతిలో 0-2తో ఓడిన జపాన్! వాళ్లు 1960లో డెట్మర్ క్రామర్ అనే జర్మన్ శిక్షకుణ్ని పిలిపించుకున్నారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అర్జెంటీనాను 3-2తో ఓడించారు. అంతటితో చంకలు కొట్టుకోలేదు. క్రామర్ వెళుతూ వెళుతూ జాతీయ లీగ్ పెట్టండి, శిక్షకులకు శిక్షణ ఇవ్వండి అని చెప్పాడు. 1965లో లీగ్ పెట్టేశారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. మధ్యలో వాళ్లకూ గడ్డురోజులు వచ్చాయి. అయినా పద్ధతి వదలలేదు. 1993లో పూర్తి వృత్తి లీగ్, 1998లో మొదటిసారి ప్రపంచకప్, 2022 ప్రపంచకప్‌లో జర్మనీపై 2-1, స్పెయిన్‌పై 2-1. నేర్పిన గురువు దేశాన్నే ఓడించారు! మన జాతీయ లీగ్ ఎప్పుడు మొదలైంది? 1996లో. జపాన్ కంటే ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత.

మనం కూడా విదేశీ శిక్షకుల్ని పిలిచాం. ఇంగ్లాండు, యుగోస్లావియా, ఉజ్బెకిస్తాన్, నెదర్లాండ్స్, క్రొయేషియా, స్పెయిన్ వాళ్లంతా వచ్చారు. వారిలో 1984 నాటి యుగోస్లావ్ శిక్షకుడు మిలోవాన్ చిరిచ్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నేలమీద చిన్న చిన్న పాస్‌లతో బంతిని తమ దగ్గరే ఉంచుకోవడం ఆయన నేర్పారు. ఆ ఏడాది కలకత్తా నెహ్రూ కప్‌లో అర్జెంటీనాతో 0-1 తేడాతోనే ఓడాం. ఆసియా కప్‌కు అర్హత సాధించాం. ఆయన వెళ్లారు, ఆయన పాఠమూ ఆయనతోనే వెళ్లింది. తర్వాత వచ్చినవారు ఒకరు పొడవాటి బంతులు కొట్టమన్నారు, మరొకరు పొట్టి పాస్‌లు ఆడమన్నారు. ఇరవై అయిదేళ్లు నిండిన ఆటగాడికి నాలుగేళ్లకోసారి కొత్త అక్షరాభ్యాసం! విత్తనం మార్చకుండా కౌలుదారుణ్ని మార్చినంత మాత్రాన చేను పండుతుందా? 2025 ఆగస్టులో మన దేశస్థుడైన ఖాలిద్ జమీల్‌ను నియమించారు. ఆయనైనా పదేళ్ల వయసులో నేర్పవలసింది జాతీయ శిబిరంలో పది రోజుల్లో నేర్పలేరు కదా.

ఆధునికమైన ఆట అంటే ఏమిటి?

విద్యార్థులు సూటిగా అడగొచ్చు: "ఆధునికం, ఆధునికం అంటున్నారు, అదేమిటో చెప్పండి" అని. నాకు అర్థమైనంతలో చెబుతాను.

తొంభై నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది సుమారు రెండు మూడు నిమిషాలు మాత్రమే. మరి మిగిలిన ఎనభై ఏడు నిమిషాలు అతను ఏం చేస్తున్నాడు? ఆధునిక ఫుట్‌బాల్ అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మన ఆటలో ఆ ఎనభై ఏడు నిమిషాలు చాలామంది చూస్తూ ఉంటారు. బంతి వస్తే పరుగు, పోతే నిలబడటం. ఇవాళ్టి మేటి జట్లలో బంతి లేనివాడికే ఎక్కువ పని. తోటివాడికి బంతి రాకముందే ఖాళీ చోటు చూసుకుని అక్కడికి కదలాలి. బంతి పోగొట్టుకున్న మరుక్షణం ఇద్దరు ముగ్గురు కలిసి మీదపడి తిరిగి లాక్కోవాలి. బంతి అందుకోకముందే తల తిప్పి చుట్టూ చూసుకోవాలి. అందుకున్నాక చూద్దామంటే అప్పటికే ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు.

గోల్‌కీపర్ కూడా మారాడు. తోటి ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదని 1992లో నిబంధన వచ్చింది. అప్పటినుంచి గోల్‌కీపర్ కాళ్లతో కూడా ఆడక తప్పలేదు. దాడి అతని దగ్గరే మొదలవుతోంది. మన జట్టు ఆట చూడండి: వెనక నుంచి ఒత్తిడి రాగానే బంతిని ఆకాశంలోకి తన్నేస్తాం. అది ముందున్న ఒంటరి ఫార్వర్డ్ కోసం. చాలా ఏళ్లు ఆ ఒంటరివాడు సునీల్ ఛెత్రి. పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984లో, పెరిగింది వేరేచోట. గొప్ప ఆటగాడు, సందేహం లేదు. 2024 జూన్‌లో జాతీయ జట్టునుంచి విరమించాడు. 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ రమ్మని పిలవవలసి వచ్చింది. అది ఆయన గొప్పదనం అయితే కావచ్చు, మన వ్యవస్థకు మాత్రం అది మార్కుల జాబితా. గోలు కొట్టే ఇంకొక కుర్రాణ్ని తయారు చేసుకోలేకపోయాం.

మా ఊరి కుర్రాడు

ఈ లెక్కలన్నీ దూరంగా అనిపించొచ్చు. దగ్గరి లెక్క ఒకటి చెబుతాను.

మా అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో వాలీబాల్, కబడ్డీ ఎక్కువ, ఫుట్‌బాల్ తక్కువ. అలాంటి ఒక పల్లెనుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని కొన్నేళ్ల కిందట చూశాను. తండ్రి మిరప, పత్తి కౌలుకు వేసేవాడు. కుర్రాడు తొమ్మిదో తరగతి. రెండు కాళ్లూ ఒకటే వాటం. ఎవరూ చెప్పకుండానే, బంతి అందుకోకముందే మెడ తిప్పి చుట్టూ చూసేవాడు. నేను ముచ్చటపడి ఒకరోజు కూర్చోబెట్టి అడిగాను: "ఒరేయ్, ఇప్పటిదాకా రెఫరీ ఉన్న నిజమైన మ్యాచ్‌లు ఎన్ని ఆడావు?" వేళ్లమీద లెక్కపెట్టాడు. తొమ్మిది. పధ్నాలుగేళ్ల జీవితంలో తొమ్మిది. యూరప్‌లో ఆ వయసు క్లబ్బు కుర్రాడు సీజన్‌లో దాదాపు వారానికొకటి ఆడతాడు.

పదో తరగతి తర్వాత వాడు చేరిన ఇంటర్ కాలేజీలో ఆటస్థలమే లేదు. ఉదయం అయిదింటినుంచి రాత్రి పదింటిదాకా చదువు. ఆ ఏడు పంట దెబ్బతింది. వాడు చదువూ పూర్తి చేయలేదు, ఆటా మిగల్లేదు. ఇప్పుడు మార్టూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉన్నాడు. కనపడితే "నమస్తే సార్" అంటాడు. వాడు భారత జట్టుకు ఆడేవాడని నేను చెప్పను. అది ఎవరూ చెప్పలేరు. ఆడగలడో లేదో తెలుసుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. "ఇంత పెద్ద దేశంలో పదకొండు మంది దొరకరా?" అనేవాళ్లకు నేను వాడి తొమ్మిది మ్యాచ్‌ల లెక్క చెబుతుంటాను.

మూడు సాకులు

ఒకటి: "మనవాళ్లకు శరీర దారుఢ్యం లేదు." ఇది చెల్లదు. జపాన్‌వాళ్లు మనకంటే భారీ మనుషులేమీ కాదు.

రెండు: "జనం క్రికెట్టే చూస్తారు." చూడనివ్వండి. 2018 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన క్రొయేషియా జనాభా నలభై లక్షల లోపు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి ప్రకాశం జిల్లా జనాభా సుమారు 34 లక్షలు. 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించిన కేప్ వర్డే దీవుల జనాభా అయిదు లక్షల పైచిలుకు. మన దేశంలో క్రికెట్టు చూడనివాళ్లను లెక్కపెట్టినా ఇలాంటి దేశాలు ఎన్నో అవుతాయి.

మూడు: "డబ్బు లేదు." 2014లో ఇండియన్ సూపర్ లీగ్‌తో డబ్బూ వచ్చింది, దీపాలూ వచ్చాయి, పేరున్న విదేశీ ఆటగాళ్లూ వచ్చారు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్.సి. ఆ లీగ్ గెలిచింది కూడా. ఎంత సంబరపడ్డాం! కాని ఆ క్లబ్బు అప్పుల్లో పడింది; 2025లో ఢిల్లీకి తరలిపోయింది. 2025-26 లీగ్ సకాలంలో మొదలే కాలేదు. పైనుంచి కట్టిన మేడ అది. కింద పిల్లల పోటీలు, ఊరూరా శిక్షకులు అనే పునాది వేయకుండా పైకప్పు వేశాం. గోలు కొట్టే స్థానంలో చాలా క్లబ్బులు విదేశీయుణ్నే నిలబెట్టాయి. మరి జాతీయ జట్టుకు ఫార్వర్డ్ ఎక్కణ్నుంచి వస్తాడు? "కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి" అంటే కుదురుతుందా?

మారడం మనవాళ్లకు చేతకాదు అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలమీద పడినప్పుడు మా ప్రాంతపు రైతులు ఘోరంగా నష్టపోయారు. అంతకు ముందు పనిచేసిన మందులు పనిచేయలేదు. మా తాత ఇలాగే పండించాడు అని వాళ్లు గట్టుమీద కూర్చోలేదు. చేలల్లో నీలిరంగు జిగురు అట్టలు కట్టారు, మందులు మార్చి చూశారు, కొందరు పంటే మార్చారు. ఓటమి ఎదురుగా కనపడితే పద్ధతి మార్చుకోవడం రైతుకు తెలుసు. తెలియకపోతే తిండి ఉండదు. మన ఫుట్‌బాల్ పెద్దలకు ఓడినా తిండి ఆగదు. బహుశా అక్కడే ఉంది కిటుకు.

మనం చేయగలిగింది

"ఢిల్లీలో ఉన్న సమాఖ్యను మనం మార్చగలమా?" అని మీరు అడగొచ్చు. మార్చలేం. రహీం సాబ్ కూడా ఢిల్లీలో మొదలుపెట్టలేదు. హైదరాబాదు మైదానాల్లో కుర్రాళ్లతో మొదలుపెట్టారు. కాబట్టి విద్యార్థి సంఘానికి, వ్యాయామ విద్యా విభాగానికి, పూర్వ విద్యార్థులకు నాలుగు సూచనలు చేస్తాను.

మొదటిది. వచ్చే వార్షిక క్రీడోత్సవాల్లో తరగతుల మధ్య ఫుట్‌బాల్ పోటీని జట్టుకు ఏడుగురు చొప్పున పెట్టండి. ఒక రోజంతా డ్రిబ్లింగ్ లేని ఆట, ఒక రోజంతా బలహీనమైన కాలి ఆట. పైసా ఖర్చు లేదు. మొదటిరోజు నవ్వులాటగా ఉంటుంది. మూడోరోజుకు ఆట మారడం మీరే చూస్తారు. అమ్మాయిల జట్లను కూడా తప్పక దింపండి. భారత మహిళల జట్టు 2025 జూలైలో థాయిలాండ్‌ను దాని సొంత గడ్డమీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మగవాళ్లు చేయలేనిది వాళ్లు చేసి చూపించారు.

రెండవది. ఆదివారాలు మన ఆటస్థలం ఖాళీగా ఉంటుంది. చుట్టుపక్కల బడుల్లోని ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు దాన్ని తెరవండి. ఏడాదికి ప్రతి పిల్లవాడికీ ముప్పై మ్యాచ్‌లు ఆడే అవకాశం ఇస్తే చాలు. మొక్కై వంగనిది మానై వంగునా?

మూడవది. ఏటా ఇద్దరు విద్యార్థుల్ని సమాఖ్య నిర్వహించే ప్రారంభ స్థాయి శిక్షకుల కోర్సుకు పంపండి. ఫీజు, ప్రయాణ ఖర్చులు పూర్వ విద్యార్థుల సంఘం భరించాలి. మొదటి సంవత్సరం ఒకరి ఖర్చు నేను పెట్టుకుంటాను; ఇది రాతపూర్వకంగా చెబుతున్నాను కనుక రేపు తప్పించుకోలేను.

నాలుగవది లెక్చరర్లకు. ఆటస్థలానికి వెళ్లిన విద్యార్థిని చదువు దొంగలా చూడకండి. రహీం సాబ్ కూడా మన వృత్తివాడే. తరగతి గదిలో పనికివచ్చే ఓర్పునే ఆయన మైదానానికి తీసుకెళ్లారు.

మిత్రులారా, ఇదంతా చేస్తే రేపే మన జట్టు ప్రపంచకప్ ఆడుతుందని నేను మాటివ్వడం లేదు. జపాన్‌కు లీగ్ పెట్టిన తర్వాత ప్రపంచకప్ చేరడానికి ముప్పై మూడేళ్లు పట్టింది. మనం ఇవాళ విత్తనం వేస్తే పండేనాటికి మీ పిల్లలు కాలేజీలో ఉంటారు. అప్పటి సావనీరులో కూడా ఎవరో ఒకరు ఫుట్‌బాల్ మీద వ్యాసం రాస్తారు. మన జట్టు ఎందుకు మారలేదని కాకుండా, ఎలా మారిందో రాసే అవకాశం వారికి కలగాలని, ఆ వ్యాసంలో మన కళాశాల ఆటస్థలం పేరు ఒక్క వాక్యంలోనైనా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.